పసివారి దుఃఖమును గ్రహించిన వైద్యుడు – జాన్ బౌల్బీ

ఏడ్చే పిల్లవానిని మొండివాడనుట, ఏడ్పు మానిన పిల్లవానిని బుద్ధిమంతుడనుట లోకములో పరిపాటి. ఈ రెండు తీర్పులలో రెండవదే ఒక్కొక్కప్పుడు పెద్ద పొరపాటు కాగలదని నిరూపించిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ. రేపు ఉపాధ్యాయులు, వైద్యులు, తల్లిదండ్రులు కాబోవు మన విద్యార్థులకు ఆయన జీవితము తెలిసియుండుట మేలని తలచి మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

బౌల్బీ 1907 ఫిబ్రవరి 26న లండన్ నగరములో ఒక సంపన్న కుటుంబమున జన్మించినారు. తండ్రి సర్ ఆంథొనీ బౌల్బీ పేరుపొందిన శస్త్రవైద్యుడు. ఆరుగురు సంతానములో ఈయన నాల్గవవారు. ఆ కాలపు ఆంగ్లేయ ఉన్నత కుటుంబములలో బిడ్డల పెంపకము ఆయాల చేతిలో ఉండెడిది. తల్లి దగ్గర గడుపుటకు దినమునకు సుమారు ఒక గంట మాత్రమే లభించెడిది. తనను ప్రేమతో సాకిన ఆయా ఆయనకు సుమారు నాలుగేండ్ల వయసున పని మాని వెళ్ళిపోయినది. కన్నతల్లి దూరమైనంతగా బాధ కలిగించిన ఆ ఎడబాటును ఆయన వృద్ధాప్యములో సైతము మరువలేదు.

నౌకాదళ కళాశాలలో కొంతకాలము చదివి, ఆ వృత్తి తనకు తగదని గ్రహించి, కేంబ్రిడ్జిలో చేరి 1928లో పట్టభద్రులైనారు. పిమ్మట సమస్యలున్న బాలురకై నడుపబడుచున్న ఒక పాఠశాలలో పనిచేసినారు. పిల్లల నడవడికకును, వారి గత జీవితమునకును గల సంబంధము అక్కడనే ఆయన మనసునకు తట్టినది. వైద్యవిద్య ముగించి, 1936 నుండి లండన్‌లోని బాలల చికిత్సాలయములో పనిచేయుచు, దొంగతనములకు అలవాటుపడిన 44 మంది పిల్లల పూర్వవృత్తాంతములను పరిశీలించి 1944లో ప్రకటించినారు. వారిలో ఎవరిమీదను ఆపేక్ష లేని వారు 14 మంది. ఆ 14 మందిలో 12 మంది శైశవమున తల్లికి దీర్ఘకాలము దూరమైనవారే.

1939లో యుద్ధభయముచే నగరముల నుండి పిల్లలను పల్లెలకు తరలించినపుడు, తల్లులు తోడులేక అయిదేండ్లలోపు వారిని పంపుట ప్రమాదకరమని ఆయన మరి ఇద్దరు వైద్యులతో కలిసి వైద్యపత్రిక ద్వారా హెచ్చరించినారు. బాంబుల భయమునే యోచించుచున్న రోజులలో పసివారి మనసును గురించి మాట్లాడుటకు ధైర్యము కావలెను.

యుద్ధానంతరము ఆయన టావిస్టాక్ చికిత్సాలయములో పిల్లల విభాగమునకు అధిపతియైనారు. ఆనాడు బ్రిటన్‌లోని పెక్కు ఆసుపత్రులలో చికిత్స పొందు పిల్లలను తల్లిదండ్రులు వారమునకొకసారి మాత్రమే చూడవలెనను నియమముండెను. తల్లి వచ్చినచో బిడ్డ ఏడ్చును, రాకున్న నెమ్మదిగా ఉండునని వారి వాదము. బౌల్బీ సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ ఆ నెమ్మదితనమును దగ్గరనుండి పరిశీలించినాడు. బిడ్డ మొదట తల్లికై ఆక్రోశించును, తరువాత నిరాశలో మునుగును, చివరకు తల్లి వచ్చినను పట్టనట్లుండును. ఈ మూడవ దశనే ఆసుపత్రివారు కోలుకొనుటగా భావించిరి. ఎనిమిది దినములు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల బాలికపై రాబర్ట్‌సన్ తీసిన చలనచిత్రమును 1952లో ప్రదర్శించగా పలువురు వైద్యులు కోపించిరి. అయినను 1959లో ప్రభుత్వ సంఘమొకటి తల్లిదండ్రుల రాకపై ఆంక్షలు తొలగించవలెనని సిఫారసు చేసినది.

1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరికపై ఇల్లులేని పిల్లలను గురించి ఆయన వ్రాసిన నివేదిక లోకప్రసిద్ధి గాంచినది. 1969, 1973, 1980 సంవత్సరములలో వెలువడిన మూడు సంపుటములలో అనుబంధ సిద్ధాంతమును సమగ్రముగా ప్రతిపాదించినారు. బిడ్డ తల్లిని అంటిపెట్టుకొనుట కేవలము పాలకొరకు కాదనియు, అపాయమునుండి రక్షణకై ప్రకృతి ఇచ్చిన గుణమనియు దాని సారాంశము. ఆయన సహచరి మేరీ ఐన్స్‌వర్త్ ఉగాండాలోను, అమెరికాలోని బాల్టిమోర్‌లోను తల్లీబిడ్డలను పరిశీలించి ఈ సిద్ధాంతమునకు బలము చేకూర్చినది.

ఆయన మాటలన్నియు నిలిచినవని మేము చెప్పజాలము. తొలిరోజులలో తల్లి ఒక్కతెపైననే భారము మోపుటవలన పనికి పోవు తల్లులు అపరాధభావముతో క్రుంగిరి. 1964లో గ్లాస్గోలో 60 మంది శిశువులపై జరిగిన పరిశీలన, బిడ్డలు తండ్రితోను ఇతరులతోను గాఢమైన అనుబంధము పెంచుకొందురని చూపినది. శైశవమున తగిలిన దెబ్బ ఎన్నటికి మానదను భావమును 1972లో మైకేల్ రట్టర్ సవరించినారు. నాయనమ్మలు, నానీల ఒడిలో పెరిగిన మనకు ఈ సవరణలు సులభముగనే బోధపడును.

బౌల్బీ 1990 సెప్టెంబరు 2న స్కాట్లండ్‌లోని స్కై ద్వీపమున కన్నుమూసినారు. మన విద్యార్థులలో ఎందరో రేపు చిన్నపిల్లల తరగతులలో నిలువబోవుచున్నారు. అల్లరి చేయు బాలుని ఎవరైనను గమనింతురు. మూలన కూర్చుండి ఎవరినీ ఏమియు కోరని బాలుని కూడ ఒకసారి పలుకరించుడని మా విన్నపము.