పొన్నెకల్లు పింజారి బిడ్డ, బుర్రకథ నాజర్

ఈ శీర్షికలో మేము ఎప్పుడూ కూలిరేట్లూ, కౌలు బాధలూ, కాలవ నీళ్ల గురించే రాస్తుంటాం. ఈసారి ఒక కథకుడి గురించి రాస్తున్నాం. కూలీనాలీ జనం చెవిన రాజకీయం పడటానికి ఆయన గొంతు ఎంతగానో పనికొచ్చింది గనకే రాస్తున్నాం.

షేక్ నాజర్ 1920 ఫిబ్రవరి 5న గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టారు. దూదేకుల కుటుంబం. పింజారోళ్లని ఊళ్లో చిన్నచూపు చూసే కులం. ఇంట్లో పూట గడవడమే కష్టం. కుర్రాడికి మాత్రం గొంతుంది. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యగారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. నాటకాల్లో ఆడవేషాలు కట్టారు. పొట్టకోసం దర్జీపని చేశారు. పాట వచ్చినవాడికి కూడు కూడా దొరకాలన్న రూలు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు.

1942లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం తొలగింది. మరుసటేడు ప్రజానాట్యమండలి ఏర్పడింది. అక్షరం రాని జనానికి కరపత్రం పంచితే ఏం లాభం? అందుకని కార్యకర్తలు ఊళ్లో అప్పటికే ఉన్నదాని వైపు చూశారు. అదే జంగంకథ. జంగం కథకుడు తంబురా భుజాన వేసుకుని, చేతి వేళ్లకు అందెలు తొడిగి కథ చెబుతాడు. భార్యలు చెరోపక్క గుమ్మెట వాయిస్తూ వంత పాడతారు. పార్టీ దళాలు ఈ పద్ధతినే తీసుకుని కొత్తగా దిద్దాయి. నడుమ కథకుడు. ఒకపక్క హాస్యం చెప్పే వంతగాడు. రెండోపక్క రాజకీయం చెప్పే వంతగాడు. కథ రాజులదే కావచ్చు, మధ్యలో వంతగాడు ఆపి నల్లబజారు బియ్యం ధర అడుగుతాడు. జనం నవ్వుతారు, ఆ తర్వాత ఆలోచనలో పడతారు. ఈ మార్పులో జంగం ఆడవాళ్ల డక్కీ పక్కకు పోయింది. ఆ లోటు మాత్రం మనం ఒప్పుకోవాలి. తర్వాత మోటూరి ఉదయంగారు ఆడవాళ్లతోనే దళం కట్టి ఆ లోటు కొంత తీర్చారు.

నాజర్ ఈ కళలోకి వచ్చి దాన్ని ఎక్కడికో తీసుకుపోయారు. శాస్త్రీయ సంగీతం తెలిసినవాడు, వేషం కట్టిన అనుభవం ఉన్నవాడు. రౌద్రం, ఏడుపు, ఎగతాళి ఒకే గొంతులో పలికించేవారు. 1943లో బెంగాల్ కరువులో లక్షలమంది మాడి చచ్చారు. నాజర్ ఆ కరువును బుర్రకథగా చెప్పారు. గుంటూరు జిల్లా కూలీకి బెంగాల్ ఎక్కడుందో తెలియకపోవచ్చు. ఆకలి సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. కడుపు కాలిన మనిషే కరువు కథ చెబుతుంటే ఆ తీరే వేరు.

పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం, అల్లూరి సీతారామరాజు ఆయన చేతిలో తిరిగి ప్రాణం పోసుకున్నాయి. పల్నాటి కథలో చాపకూడు ఉంది. అన్ని కులాలూ ఒకే చాపమీద కూచుని తినడం. ఊరి చెరువులో నీళ్లు ముట్టనివ్వని రోజుల్లో, ఒక దూదేకుల సాయిబు ఆ కథ చెబుతుంటే మాలమాదిగపల్లెల జనానికి ఎట్లా వినిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పాలకులకూ ఈ సంగతి తెలిసింది. ఆ రోజుల్లో బుర్రకథల మీద నిషేధాలు పెట్టారు. 1948లో మాభూమి నాటకాన్ని కూడా ఆపేశారు. తంబురా, రెండు డక్కీలు చూసి సర్కారు భయపడింది. తర్వాత 1953లో పుట్టిల్లు, 1954లో అగ్గిరాముడు సినిమాల్లో నాజర్ బుర్రకథ వినిపించింది. 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన జీవితకథ పుస్తకంగా వచ్చినప్పుడు దానికి పెట్టిన పేరు పింజారి. ఏ మాటతో చిన్నచూపు చూశారో ఆ మాటే అట్టమీద కెక్కింది. 1997 ఫిబ్రవరి 21న నాజర్ కన్నుమూశారు.

బుర్రకథ పితామహుడని బిరుదులిచ్చినంత తేలిగ్గా బుర్రకథ దళాలకు తిండి పెట్టలేకపోయాం. సర్కారు ఈ కళను పథకాల ప్రచారానికి వాడుకుంది. తిరనాళ్లలో పాటకచేరీలకు బయానా ముందే ఇస్తారు, కథ చెప్పేవాళ్లను తర్వాత చూద్దామంటారు. మన తప్పూ ఉంది. మన సభల్లో నాయకుడు వచ్చేదాకా జనం లేచిపోకుండా చూడటానికి దళాన్ని ఎక్కిస్తాం. నాయకుడి కారు కనబడగానే కథ సగంలో ఆపిస్తాం. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరకముందే మైకు లాక్కుంటాం. ఇది మేము చాలాసార్లు చూశాం.

ఈ కోతలయ్యాక ఊళ్లలో సంఘాలు ఒక రాత్రి మొత్తం దళానికే ఇవ్వాలని మా మాట. ఉపన్యాసాలు మర్నాడు పెట్టుకోవచ్చు. ఇంటికో మానిక వడ్లు పోగుచేస్తే ముగ్గురు కళాకారుల దారిఖర్చూ, రెండుపూటల భోజనమూ, చేతిలో కాస్త డబ్బూ వస్తాయి. పిల్లలను ముందు వరసలో కూచోబెట్టండి.