ఆసా గ్రిగ్స్ కాండ్లర్

ఆసా గ్రిగ్స్ కాండ్లర్ (డిసెంబర్ 30, 1851 - మార్చి 12, 1929) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన ప్రముఖ వ్యాపారవేత్త, కోకా-కోలా కంపెనీ స్థాపకుడు, దాత. అట్లాంటా నగరానికి మేయరుగా కూడా పనిచేశాడు. కోకా-కోలా పానీయమును కనుగొన్నది ఈయన కాదు. పెద్దగా అమ్మకము లేని ఒక మందుల దుకాణపు పానీయమును కొని, దానిని దేశమంతటా అమ్ముడుపోయే సరుకుగా మార్చడం ఈయన సాధించిన పని. అమెరికా పానీయాల పరిశ్రమలో నేటికీ నడుస్తున్న వ్యాపార పద్ధతికి పునాది ఈయన కాలములోనే పడింది.

బాల్యము, తొలి జీవితము

కాండ్లర్ జార్జియా రాష్ట్రములోని విల్లా రికా గ్రామములో జన్మించాడు. తండ్రి శామ్యూల్ చార్లెస్ కాండ్లర్ వర్తకుడు, రైతు. తల్లి మార్తా. వీరి పదకొండుమంది సంతానములో ఆసా ఒకడు. బాల్యమంతా అమెరికా అంతర్యుద్ధపు (1861-1865) కష్టకాలములో గడిచినందువలన ఆయనకు క్రమమైన విద్య అబ్బలేదు. వైద్యుడు కావాలన్న కోరిక ఉన్నప్పటికీ అది తీరక, కార్టర్స్‌విల్ పట్టణములో ఒక మందుల దుకాణములో చేరి పని నేర్చుకున్నాడు. 1873లో అట్లాంటా నగరానికి వచ్చి జార్జి హోవర్డ్ అనే మందుల వర్తకుని వద్ద గుమాస్తాగా కుదిరాడు. 1878లో హోవర్డ్ కుమార్తె లూసీ ఎలిజబెత్‌ను వివాహమాడాడు. ఈ పెళ్ళి మొదట మామగారికి ఇష్టము లేదు. తరువాత ఆయనే అల్లునితో కలిసి భాగస్వామ్య వ్యాపారము నడిపాడు. 1886 నాటికి ఆ వ్యాపారము పూర్తిగా కాండ్లర్ చేతికి వచ్చింది. కాండ్లర్ దంపతులకు ఐదుగురు సంతానము.

కోకా-కోలా హక్కులు

కోకా-కోలాను తయారు చేసినవాడు జాన్ పెంబర్టన్ అనే ఔషధ నిపుణుడు. అంతర్యుద్ధములో గాయపడి, నొప్పి తగ్గడానికి వాడిన మార్ఫిన్‌కు బానిసైన వ్యక్తి. ఈయన మొదట కోకా ఆకు కలిపిన ఒక ద్రాక్షసారా టానిక్కును అమ్మేవాడు. అట్లాంటాలో మద్యనిషేధము రావడంతో సారా లేని సిరప్‌ను తయారు చేశాడు. 1886 మే నెలలో జేకబ్స్ మందుల దుకాణములో గ్లాసు ఐదు సెంట్లకు దీని అమ్మకము మొదలైంది. పేరు పెట్టినది, నేటికీ వాడుకలో ఉన్న ఒంపుల అక్షరాలతో దానిని వ్రాసినది ఆయన వద్ద లెక్కలు చూసే ఫ్రాంక్ రాబిన్సన్. మొదటి సంవత్సరము అమ్మకముల వలన వచ్చిన సొమ్ము ప్రకటనల ఖర్చుకు కూడా చాలలేదు. పెంబర్టన్ ధనాభావము వలన హక్కులను ముక్కలు ముక్కలుగా పలువురికి అమ్ముకుని, 1888 ఆగస్టులో మరణించాడు.

ఈ ముక్కలను కాండ్లర్ ఒక్కొక్కటిగా సేకరించాడు. 1891 నాటికి సంపూర్ణ హక్కులు ఆయనవయ్యాయి. ఇందుకు ఆయన వెచ్చించిన మొత్తము సుమారు 2,300 డాలర్లు. 1892లో కోకా-కోలా కంపెనీని స్థాపించాడు. 1893లో పేరును వ్యాపార చిహ్నముగా నమోదు చేయించాడు. అంతకుముందు అమ్ముతూ వచ్చిన ఇతర మందులను వదిలివేసి, తన దృష్టినంతా ఈ ఒక్క పానీయముపైననే నిలిపాడు.

వ్యాపార విధానము

నరసరావుపేట, మాచర్ల, గురజాల వంటి ఊళ్ళలో గోలీసోడా నింపి అమ్మేవారి వ్యాపారమును గమనించిన పాఠకులకు కాండ్లర్ విధానము సులభముగా బోధపడుతుంది. సోడాలో దాదాపు అంతా నీరే. బరువులో పెద్ద భాగము గాజు సీసాది. ఖాళీ సీసా తిరిగి దుకాణానికి చేరాలి. అందువలన ఒక ఊరి సోడా చుట్టుపక్కల గ్రామాలను దాటి పోదు. కాండ్లర్ నీటిని గాని, సీసాను గాని అమ్మలేదు. చిక్కటి సిరప్‌ను మాత్రమే పీపాలలో రైలు మీద పంపేవాడు. మందుల దుకాణాలవారు గ్లాసుకు ఒక ఔన్సు సిరప్ పోసి, సోడా నీరు కలిపి అమ్మేవారు. ఈ లెక్కన ఒక గ్యాలన్ సిరప్‌కు 128 గ్లాసులు వస్తాయి. గ్లాసు ఐదు సెంట్ల చొప్పున దుకాణదారునికి 6 డాలర్ల 40 సెంట్లు చేతికి వచ్చేవి. లాభము బాగుండటముతో దుకాణదారులే ఈ పానీయానికి ప్రచారకులయ్యారు.

ప్రచారములో కాండ్లర్, రాబిన్సన్ ఇద్దరూ కొత్త పద్ధతులు అనుసరించారు. వాటిలో ముఖ్యమైనవి:

- ఒక గ్లాసు ఉచితముగా త్రాగడానికి చీటీలు పంచడం. చీటీలకు అయిన సొమ్మును కంపెనీయే దుకాణదారునికి చెల్లించేది.
- పానీయము పేరు వ్రాసిన గడియారాలు, క్యాలెండర్లు, విసనకర్రలు దుకాణాలకు బహూకరించడం.
- గోడల మీద ప్రకటనలు వ్రాయించడం.

1894లో అట్లాంటా వెలుపల మొదటి సిరప్ కర్మాగారము డాలస్‌లో ఏర్పడింది. ఆ తరువాత షికాగో, లాస్ ఏంజెలస్ నగరాలలో నెలకొల్పారు. 1895 నాటికి దేశములోని అన్ని రాష్ట్రాలలోను కోకా-కోలా దొరికేది.

మొదట తలనొప్పి, నీరసము తగ్గించే ఔషధముగా కూడా దీనిని ప్రచారము చేసేవారు. 1898లో యుద్ధఖర్చుల నిమిత్తము అమెరికా ప్రభుత్వము పేటెంటు మందులపై పన్ను విధించింది. తమది మందు కాదు, పానీయమని కంపెనీ వ్యాజ్యము వేసి గెలిచింది. అప్పటినుండి ప్రకటనలలో ఔషధ గుణాల ప్రస్తావన తగ్గి, సేదతీర్చే పానీయమన్న మాట ముందుకు వచ్చింది.

సీసాల ఒప్పందము

సీసాలలో కోకా-కోలా అమ్మకము కాండ్లర్ ఆలోచన కాదు. 1894లో మిసిసిపి రాష్ట్రములోని విక్స్‌బర్గ్ వర్తకుడు జోసెఫ్ బీడెన్‌హార్న్ తనంతట తానే సీసాలలో నింపి అమ్మాడు. కాండ్లర్ దానిని పెద్దగా పట్టించుకోలేదు. 1899 జూలైలో చట్టనూగాకు చెందిన బెంజమిన్ థామస్, జోసెఫ్ వైట్‌హెడ్ అనే ఇద్దరు న్యాయవాదులు వచ్చి, దేశములో అధిక భాగానికి సీసాల హక్కులు కోరారు. కాండ్లర్ వాటిని ఒక్క డాలరుకు వ్రాసి ఇచ్చాడు. ఆ డాలరును కూడా ఆయన వసూలు చేయలేదని ప్రతీతి.

ఈ ఒప్పందములో రెండు లక్షణాలు గమనించదగినవి. సిరప్ ధర గ్యాలనుకు ఒక డాలరుగా నిర్ణయమైంది, ఒప్పందానికి గడువు లేదు. సీసాలు, యంత్రాలు, బండ్లు, కూలీలు, పెట్టుబడి అన్నీ అవతలివారివి కనుక కాండ్లర్‌కు నష్టభయము లేదు. ఆ ఇద్దరు న్యాయవాదులు దేశమును ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ఊరి వ్యాపారికి హక్కులు ఇస్తూ పోయారు. పదేళ్ళలో సుమారు 400 సీసా కర్మాగారాలు వెలిశాయి. ఇంత వేగముగా విస్తరించడం కంపెనీ సొంత పెట్టుబడితో సాధ్యమయ్యేది కాదు. అయితే చక్కెర ధర పెరిగినా సిరప్ ధర పెంచుకునే వీలు కంపెనీకి లేకుండా పోయింది. సీసా ఐదు సెంట్లకే అమ్ముడైతే ఎక్కువ సీసాలు పోతాయి కనుక, ఆ ధర పెరగకుండా చూడటమే కంపెనీకి లాభదాయకమైంది. ఐదు సెంట్ల ధర అనేక చోట్ల 1950ల వరకు నిలిచి ఉండటానికి ఇది ఒక ముఖ్య కారణము.

వివాదములు, విమర్శలు

పానీయములో తొలినాళ్ళలో ఉన్న స్వల్ప కొకైన్ అంశము 1900ల తొలి సంవత్సరాలలో తొలగింపబడింది. 1906లో ఆహార, ఔషధ కల్తీ నిరోధక చట్టము వచ్చిన తరువాత, ప్రభుత్వ రసాయన శాస్త్రవేత్త హార్వే వైలీ పానీయములోని కెఫీన్ హానికరమని వాదించాడు. 1909లో ప్రభుత్వము 40 పెద్ద పీపాలు, 20 చిన్న పీపాల సిరప్‌ను స్వాధీనము చేసుకున్నది. 1911లో విచారణ జరిగింది. 1916లో సుప్రీంకోర్టు కంపెనీకి వ్యతిరేకముగా అభిప్రాయపడి కేసును తిరిగి కింది కోర్టుకు పంపింది. చివరకు కెఫీన్ పరిమాణమును తగ్గించి కంపెనీ రాజీపడింది. 1908లో అట్లాంటాలో జరిగిన ఒక సభలో కాండ్లర్ బాలకార్మిక వ్యవస్థను మెచ్చుకుంటూ మాట్లాడటము కూడా విమర్శలకు గురయింది.

పత్తి రైతులకు అప్పులు

1914లో మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభము కాగానే ఐరోపాకు పత్తి ఎగుమతి స్తంభించింది. న్యూయార్కు పత్తి మార్కెట్టు మూతపడింది. పత్తి ధర సుమారు సగానికి పడిపోయింది. అప్పుడు కాండ్లర్ అట్లాంటాలో పెద్ద గిడ్డంగులు కట్టించి, వాటిలో నిలవ చేసిన పత్తిపై పౌనుకు ఆరు సెంట్ల చొప్పున అప్పు ఇస్తానని ప్రకటించాడు. పంట చేతికి వచ్చిన నాడే ధర పడిపోవడము, అదే సమయములో బాకీలవాళ్ళు గుమ్మములో నిలబడటము పల్నాటి పత్తి రైతులకు తెలియని విషయము కాదు. సరుకును తెగనమ్ముకోకుండా ధర కుదుటపడేవరకు ఆగగలగడమే ఈ పథకము వలన రైతుకు కలిగిన మేలు. ఇది ఉచిత సహాయము కాదు, వడ్డీకి ఇచ్చిన అప్పే.

ప్రజా జీవితము, దానములు

1914లో కాండ్లర్ పది లక్షల డాలర్ల విరాళము ప్రకటించడంతో ఎమొరీ కళాశాల అట్లాంటాకు తరలి విశ్వవిద్యాలయముగా రూపొందింది. మెథడిస్టు బిషప్ అయిన ఆయన సోదరుడు వారెన్ కాండ్లర్ దీనికి సారథ్యము వహించాడు. తరువాత కూడా ఆసా కాండ్లర్ ఈ సంస్థకు పెద్ద మొత్తములు ఇచ్చాడు. 1916లో కంపెనీ అధ్యక్ష పదవిని విడిచిపెట్టి, 1917 నుండి 1919 వరకు అట్లాంటా మేయరుగా పనిచేశాడు. 1917 మే 21న జరిగిన ఘోర అగ్నిప్రమాదములో సుమారు 10,000 మంది నిరాశ్రయులైనప్పుడు నగర పునర్నిర్మాణానికి పాటుపడ్డాడు.

కంపెనీ విక్రయము, చివరి రోజులు

కాండ్లర్ తన వాటాలను దాదాపు అన్నింటినీ సంతానానికి పంచి ఇచ్చాడు. 1919లో వారు కంపెనీని ఎర్నెస్ట్ వుడ్రఫ్ నాయకత్వములోని పెట్టుబడిదారుల బృందానికి 2 కోట్ల 50 లక్షల డాలర్లకు అమ్మివేశారు. ఈ బేరము కుదిరేవరకు తండ్రికి చెప్పలేదు. అదే సంవత్సరము ఆయన భార్య లూసీ మరణించింది. కంపెనీ చేయిదాటడము ఆయనను మిక్కిలి బాధించింది.

సీసాల ఒప్పందము కూడా కొత్త యజమానులకు తలనొప్పి అయింది. చక్కెర ధర విపరీతముగా పెరగటముతో వారు 1920లో ఆ ఒప్పందమును రద్దు చేయబోగా, సీసాల వ్యాపారులు కోర్టుకు వెళ్ళారు. 1921లో సిరప్ ధరను చక్కెర ధరతో ముడిపెట్టే రాజీ కుదిరింది. 1923లో కాండ్లర్ రెండవ వివాహము చేసుకున్నాడు. 1926లో పక్షవాతము వచ్చి, 1929 మార్చి 12న అట్లాంటాలో మరణించాడు. వెస్ట్‌వ్యూ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ప్రభావము

సారము ఒకరిది, నీరు, సీసా, రవాణా మరొకరివి అనే విభజన తరువాతి కాలములో ఇతర పానీయ కంపెనీలకు కూడా ఆదర్శమైంది. ఈ పద్ధతిలో కంపెనీ అసలు ఆస్తి తయారీ రహస్యము, పేరు మాత్రమే. భారతదేశములో ప్రభుత్వము విదేశీ వాటా తగ్గించుకోవాలని, తయారీ రహస్యము పంచుకోవాలని కోరినప్పుడు 1977లో కోకా-కోలా కంపెనీ దేశమును విడిచి వెళ్ళడానికి ఈ నేపథ్యమే కారణము. 1993లో తిరిగి వచ్చినప్పుడు థమ్స్ అప్ వంటి దేశీయ పానీయాల పేర్లను కొనుగోలు చేసింది. ఒకనాడు పెంబర్టన్ వారసత్వమును కాండ్లర్ కొన్నట్లుగానే, ఇక్కడ కూడా కంపెనీ ప్రజలకు అలవాటైన పేరుకే వెల కట్టింది.