వానలో వాల్టర్ జాన్సన్

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున 1887లో రైతు కుటుంబమునందు వాల్టర్ జాన్సన్ జన్మించెను. బేస్‌బాల్ ఆటలో బంతిని మెరుపువలె విసరుటకు ఆయన పేరొందెను. వాషింగ్టన్ జట్టు పక్షమున 21 సంవత్సరములు ఆడి 417 విజయములు సాధించెను. 1924లో వరల్డ్ సిరీస్ పోటీల కడపటి ఆటలో జట్టును గెలిపించెను.

1925 అక్టోబరు 15న పిట్స్‌బర్గు నగరమున మరల కడపటి ఆటయే వచ్చెను. ఆనాడు విడువని వాన. నేల బురదయయ్యెను, మసక చీకటి క్రమ్మెను. 42,000 మందికి పైగా ప్రేక్షకులు తడియుచునే చూచుచుండిరి. తడిసిన బంతి వ్రేళ్లకు పట్టు చిక్కదు; విసరువానికి అంతకంటె ఇక్కట్టు వేరొండు లేదు. ముప్పదియేడేండ్ల జాన్సన్ కాలు జారకుండ రంపపు పొట్టు చల్లించుకొని విసరుచునే యుండెను. తోటివాని చేతినుండి సులభమైన బంతి జారిపోయెను. ఒకప్పుడు 6–3గా నున్న ఆధిక్యము కరగి, జట్టు 9–7తో ఓడెను. జాన్సన్ మాత్రము తుదివరకు తన స్థానము విడువలేదు.

1936లో బేస్‌బాల్ కీర్తిమందిరమునకు ఎన్నికైన మొదటి యైదుగురిలో ఆయన యొకరు. 1946లో వాషింగ్టన్ నగరమున కన్నుమూసెను.