మృతవీరుని ఛాయాచిత్రము

చంపబడిన శత్రువు ఛాయాచిత్రమును ప్రభుత్వములు లోకమునకు చూపవచ్చునా? ఈ ప్రశ్న మన కాలమున మహారాజ్యములకే యెదురైనది. 2003 జూలైలో సద్దాము హుస్సేను కుమారు లిరువురు హతులైనపుడు అమెరికా ప్రభుత్వము వారి మృతముఖముల చిత్రములను ప్రకటించెను. 2011 మే నెలలో బిన్ లాడెను హతుడైనపుడు అదే ప్రభుత్వము చిత్రమును ప్రకటింపరాదని నిశ్చయించెను. ప్రకటించినచో ప్రజలకు నమ్మకము కలుగుననువారును, ప్రకటించినచో పగ పెరుగుననువారును నేటికిని గలరు. తెలుగువారికి ఇది దూరదేశపు ముచ్చట కాదు. 1924 మే నెలలో కృష్ణదేవిపేటలో తీయబడిన యట్టి చిత్రమొకటి మనకును గలదు. అది అల్లూరి సీతారామరాజు మృతదేహపు చిత్రము. దాని వెనుకనున్న జీవితమును జ్ఞప్తికి తెచ్చుకొనిన గాని యీ ప్రశ్నకు సమాధానము దొరకదని మా విశ్వాసము.

సీతారామరాజు 1897 జూలై 4వ తేదీన విశాఖపట్టణ ప్రాంతమందలి పాండ్రంగిలో మాతామహుల యింట జన్మించెను. తల్లి సూర్యనారాయణమ్మ. తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరమున ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా గలవాడు. తమంత తాము వచ్చి కూర్చుండిన వారి రూపమును కాగితముపై నిలుపుట ఆ వృత్తి. ఆ యింటి బిడ్డ రూపము ప్రాణము పోయిన పిదప, తన సమ్మతి లేకయే, ప్రభుత్వపు కొలువున చిత్రమగునని యెవరు తలంతురు?

1908లో తండ్రి కలరా సోకి మరణించెను. తహసీల్దారుగానుండిన పినతండ్రి రామకృష్ణంరాజు కుటుంబమునకు అండగా నిలిచెను. బాలునికి పాఠశాల చదువు నిలకడగా సాగలేదు. మనస్సు దైవచింతనవైపునకు మరలెను. ఉత్తరదేశ యాత్రలు చేసి, 1917 ప్రాంతమున కృష్ణదేవిపేట చేరి, విశాఖ, గోదావరి మన్యముల ప్రజలతో కలిసి మెలిసి జీవించెను. మద్యము మానుడనియు, తగవులను పంచాయతీలలోనే తీర్చుకొనుడనియు వారికి బోధించెను. కాషాయము కట్టిన ఆ యువకుని వారు దైవాంశసంభూతునిగా కొలిచిరి.

మన్యపు కష్టములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1882 నాటి మద్రాసు అటవీ శాసనము పోడు వ్యవసాయమును కట్టడి చేసి, తరతరముల యడవిని కొండవారికి పరాయిసొత్తుగా చేసినది. దానికి తోడు గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను, నర్సీపట్టణమునుండి లంబసింగి వరకు వేయించిన రోడ్డుపనిలో కూలీలకు తగిన కూలి యియ్యక బాధించెను. మొరలు వినువారు లేనప్పుడు ఆయుధములు లేచినవి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషనులు వరుసగా రాజు దళముల వశమయ్యెను.

ఆ దాడులలో ఒక విశేషమును పాఠకులు గమనింపవలెను. కొనిపోయిన తుపాకులను, తూటాలను స్టేషను పుస్తకమున జాబితాగా వ్రాసి, దానిక్రింద రాజు సంతకము చేసెను. తాను చేసిన పనికి తానే లెక్క యొప్పగించుట ఆయన పద్ధతి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్లాధికారు లిరువురు హతులైరి. ఆ పోరులలో భారతీయులైన సిపాయిల ప్రాణములు తీయకుండుటకు రాజు శ్రద్ధ వహించెను.

ప్రభుత్వము మలబారు పోలీసులను, పిదప అస్సాము రైఫిల్సును మన్యమునకు దింపెను. రాజు తలపై 10,000 రూపాయల బహుమతి ప్రకటించెను. 1924 ఏప్రిలులో రూథరుఫర్డును ప్రత్యేక కమిషనరుగా నియమించెను. 1924 మే 7వ తేదీన రాజు మంప సమీపమున పట్టుబడి, కొయ్యూరులో మేజరు గుడాలు ఎదుటికి కొనిపోబడెను. ఆ దినముననే కాల్చి చంపబడెను. పారిపోవ యత్నించినందున కాల్చితిమని ప్రభుత్వము చెప్పినది. చెట్టునకు కట్టి కాల్చిరని ప్రజలు చెప్పుకొనిరి. విచారణ లేదు, తీర్పు లేదు. దేహమును మంచమునకు కట్టి కృష్ణదేవిపేటకు చేర్చి, ఛాయాచిత్రము తీయించి, మే 8న దహనము చేసిరి. అప్పటికి ఆయనకు ఇరువదియేడేండ్లయినను నిండలేదు.

ప్రభుత్వమునకు చిత్రము తీయించుటకు కారణము లేకపోలేదని మేమును అంగీకరింతుము. ఆయనను తూటా తాకదని నమ్మిన ప్రజలకు ఆయన మరణించెనని రుజువు చూపవలసియుండెను. ఐనను ఫలమేమి? రాజు మరణింపలేదని, మారువేషమున ఎక్కడనో తిరుగుచున్నాడని వదంతులు చాలకాలము నిలిచినవి. నమ్మదలచని వానిని చిత్రము నమ్మింపలేకపోయెను. నమ్మినవాడు మాత్రము వేరొక ప్రశ్న వేసెను. చేత చిక్కిన వానిని న్యాయస్థానమునకు కొనిపోక కాల్చుటకు కారణమేమి? ఆ ప్రశ్నకు ఛాయాచిత్రమున జవాబు లేదు. మనుష్యుడు చచ్చెనని చిత్రము చెప్పగలదు. ఎట్లు చచ్చెనో, చంపిన చేయి ధర్మము తప్పెనో లేదో అది చెప్పజాలదు.

రాజు సహచరులలో నొకడైన గాము మల్లుదొర విధి చూడుడు. అతనిని న్యాయస్థానమున విచారించి, శిక్షించి, అండమానులకు పంపిరి. అతడు బ్రతికి వచ్చి, 1952లో విశాఖపట్టణమునుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఒకే తిరుగుబాటున నిలిచిన ఇరువురిలో విచారణ పొందినవాడు శాసనసభ్యుడయ్యెను. విచారణ పొందనివాడు మంచముపై మృతదేహమయ్యెను. ప్రభుత్వమునకు న్యాయమార్గము తెలియకపోలేదని యిందువలన స్పష్టమగుచున్నది.

హింసామార్గము నంగీకరింపని మహాత్ముడు సయితము 1929లో రాజు త్యాగమును, ధైర్యమును కొనియాడెను. 2022లో ఏర్పడిన కొండజిల్లాకు ఆయన పేరు పెట్టబడెను. చంపినవారు రుజువుగా దాచుకొనిన చిత్రము నేడు చంపినవారిపైననే సాక్ష్యమై నిలిచినది.

కావున మా అభిప్రాయ మిది. హతుడైన శత్రువు చిత్రమును తీయుట తప్పు కాదు. మరణవిచారణకు, న్యాయస్థానమునకు అది యవసరము. విచారణాధికారికిని, బంధువులకును దానిని దాచరాదు. కాని విజయచిహ్నముగా దానిని వీథివీథిని చూపుట ప్రభుత్వమునకు తగదు. రావణుడు కూలిన పిమ్మట వైరము ముగిసినదని తలచి, ఆతనికి అంత్యక్రియలు జరిపింపుమని రాముడు విభీషణుని ఆజ్ఞాపించిన కథ మన యింటింట వినబడునదే. ప్రజలకు ప్రభుత్వము బాకీపడినది చిత్రము కాదు, లెక్క. ఎవరు కాల్చిరి, ఎవరి యాజ్ఞపై కాల్చిరి, బంధించిన వానిని కాల్చిరా, పోరులో కాల్చిరా యను లెక్క. ఇది పరాయి ప్రభుత్వమునకు మాత్రమే చెప్పుమాట కాదు. మనము ఎన్నుకొనిన ప్రభుత్వములకును చెల్లును. పోలీసు స్టేషను పుస్తకమున తాను తీసికొనిన తూటాలకు సీతారామరాజు లెక్క వ్రాసి సంతకము చేసెను. ఆయనపై పేల్చిన తూటాలకు కొయ్యూరులో నట్టి లెక్క న్యాయస్థానమున కెవ్వరును ఒప్పగింపలేదు.