గొర్రెల మంద, కంచర గాడిద, ఒక లెక్కల మనిషి



మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో గొర్రెల మంద అడ్డం వస్తే బండి ఆపుకొని నిలబడ్డ అనుభవం మీకూ ఉండే ఉంటుంది. ఆ మందలో నాలుగు మేకలు కూడా ఉంటాయి. కలిసి మేస్తాయి, ఒకే దొడ్డిలో పడుకుంటాయి. మత్తయి సువార్తలో కాపరి వాటిని కుడి ఎడమలకు వేరు చేసే ఘట్టం మనకు తెలిసిందే. మరి ఇన్నేళ్ళు కలిసి తిరిగినా సగం గొర్రె, సగం మేక అయిన పిల్ల మందలో ఎందుకు కనిపించదు?

పొట్టేలు దాటిన మేక ఒక్కోసారి చూలు కడుతుంది. కాని గొర్రెకు 54 క్రోమోజోములు, మేకకు 60. తల్లికీ పిండానికీ నడుమ ఉండే మాయ, అంటే కాన్పు తర్వాత పడే మావి, సరిగ్గా అల్లుకోదు. సాధారణంగా రెండు మూడు నెలలు నిండకముందే పిండం పోతుంది. జాతికీ జాతికీ మధ్య గోడ పొలంలో లేదు, గర్భంలో ఉంది.

ఈ గోడను లెక్కకట్టి చూసినవారిలో పెద్దవారు జె.బి.ఎస్. హాల్డేన్. 1892 నవంబరు 5న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పుట్టారు. తండ్రి శ్వాసక్రియపై పరిశోధించిన శాస్త్రవేత్త. గనుల్లో విషవాయువులను పరీక్షించడానికి దిగినప్పుడు పిల్లవాణ్ణి కూడా వెంట తీసుకుపోయేవారు. ఇంట్లో చెల్లెలు నయోమి గినీ పందులను పెంచేది. అన్నాచెల్లెళ్ళకు వంశపారంపర్య శాస్త్రం మీద గురి అక్కడే కుదిరింది. రెండు జన్యువులు ముడిపడి సంతానానికి చేరడాన్ని పాలిచ్చే జంతువుల్లో మొదటిసారి చూపిన వారి ఎలుకల వ్యాసం 1915లో అచ్చయింది. అప్పటికి ఆయన యుద్ధరంగంలో సైనికుడు. ఆ వ్యాసంలో పాలుపంచుకున్న స్నేహితుడు స్ప్రంట్ ఆ యుద్ధంలోనే చనిపోయాడు. ఇంకో వింత చూడండి: హాల్డేన్ కళాశాలలో చదివింది గణితమూ, ప్రాచీన భాషలూ. సైన్సులో ఆయనకు పట్టా లేదు.

1922లో ఆయన ఒక సూత్రం ప్రకటించారు. రెండు జాతుల కలయికలో పుట్టిన పిల్లల్లో మగవో ఆడవో, ఏదో ఒకటి పుట్టకపోయినా, అరుదైనా, గొడ్డుపోయినా, అది రెండు వేరువేరు లింగ క్రోమోజోములు ఉన్న వర్గమే అవుతుంది. పాలిచ్చే జంతువుల్లో అది మగది, పక్షుల్లో ఆడది. కంచర గాడిదను తీసుకోండి. తల్లి గుర్రానికి 64 క్రోమోజోములు, తండ్రి గాడిదకు 62, పిల్లకు 63. మగ కంచరకు సంతానం కలగదు. ఆడది మాత్రం, చాలా అరుదుగానైనా, ఈనిన సందర్భాలు నమోదయ్యాయి. నూరేళ్ళు దాటినా ఈ సూత్రాన్ని ఆయన పేరుతోనే పిలుస్తున్నారు.

1932 నాటి తన పుస్తకంలో ఆయన గర్భం లోపలికే చూశారు. ఒకే కాన్పులో అనేక పిల్లల్ని పెట్టే జంతువుల్లో పిండాలు తల్లి ఇచ్చే ఆహారం కోసం ఒకదానితో ఒకటి పోటీపడతాయి, త్వరగా పెరిగేదే నెగ్గుతుంది అన్నారు. ఒక్క బిడ్డే పుట్టే మనుషుల్లో ఆ పరుగు తప్పింది గనుక మనం నిదానంగా ఎదగగలుగుతున్నామని ఆయన ఊహ. ఆ పోటీలో తండ్రి వాటా ఎంతో ఆయన కాలానికి తెలియదు. కొన్ని జన్యువుల్లో తండ్రి నుంచి వచ్చిన ప్రతే పనిచేస్తుందనీ, పిండాన్నీ మాయనూ అది ఎక్కువగా పెంచజూస్తుందనీ, తల్లి నుంచి వచ్చినవి దాన్ని అదుపుచేస్తాయనీ 1991 తర్వాత తేలింది. అమెరికాలోని రెండు రకాల అడవి ఎలుకలను కలిపితే ఇది కళ్ళకు కడుతుంది. ఒక వరసలో కలిపితే మాయ చిన్నది. తల్లిదండ్రుల జాతులను తారుమారు చేస్తే మాయ మితిమీరి పెరిగి పిండాలు చాలావరకు దక్కవు. తల్లీ తండ్రీ ఒకే జాతివారైతే ఆ తూకం కుదురుతుంది.

మన ఇళ్ళకు దగ్గరైన సంగతి ఒకటి. ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తం గల తల్లికి పాజిటివ్ బిడ్డ కలిగితే తర్వాతి కాన్పులకు ముప్పు రావచ్చు. అలా పోయిన ప్రతి బిడ్డతో రెండు రకాల జన్యువులూ ఒక్కొక్కటి పోతాయి. అంటే తక్కువగా ఉన్నది క్రమంగా తరిగిపోవాలి. యూరపులో అది ఇంకా ఎందుకు మిగిలింది? అక్కడివారు వేరువేరుగా బతికిన రెండు జనాల కలయిక కావచ్చునని 1942లో హాల్డేన్ రాశారు. ఈ ముప్పును ఆపే యాంటీ-డి ఇంజక్షను 1968 నుంచి ఉంది. మీ కోడలిదో కూతురిదో నెగెటివ్ గ్రూపు అయితే కాన్పుదాకా ఆగకుండా డాక్టరుకు ముందే చెప్పండి.

ఆయన దేవుణ్ణి నమ్మినవారు కారు. చాలాకాలం కమ్యూనిస్టు. రష్యాలో జన్యుశాస్త్రవేత్తలను అణచివేసినప్పుడు గట్టిగా నోరు విప్పకపోవడం ఆయన జీవితంలో మచ్చే, దాచనక్కరలేదు.

1957లో లండను ఉద్యోగం వదిలి, భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా వచ్చారు. ధోవతి కట్టారు, మాంసం మానేశారు, 1961లో భారత పౌరుడయ్యారు. ఆయన దగ్గర చేరిన శిష్యుల్లో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. మేనరికాల గురించి ఆంధ్రదేశంలో ఇంటింటి వివరాలు సేకరించే పనికి గురువు ప్రోత్సాహం ఉంది. తర్వాత ఆయన భువనేశ్వర్‌కు మారి అక్కడే ప్రయోగశాల నడిపారు.

క్యాన్సరుతో 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. తన దేహాన్ని వైద్య విద్యార్థులకు ఇవ్వాలని ముందే రాసి ఉంచారు. అప్పటికి ఆరేళ్ళ వయసున్న కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు దాన్ని రైతుబిడ్డల, ఉద్యోగుల బిడ్డల చదువుకోసం పంపారు. హెలెన్ ఇంగ్లండు తిరిగిపోలేదు. 1978లో మన హైదరాబాదులోనే పోయింది.