అచ్యుతరాయల రెండు తలల పక్షి

ఇంటిపేరు టైప్ చేస్తే చాలు, ఒక డాలు, దాని మీద సింహమో డేగో, కింద రిబ్బన్ మీద మన పేరు పెట్టి చూపించే వెబ్‌సైట్లు బోలెడున్నాయి. డబ్బు కడితే కప్పు మీద ప్రింట్ చేసి పంపిస్తారు. మన తెలుగు ఇంటిపేరు కొట్టినా ఏదో ఒకటి తయారుచేసి ఇచ్చేవీ ఉన్నాయి. చూడ్డానికి బాగుంటుంది. కాకపోతే అందులో ఒక అబద్ధం ఉంది. ఈ పద్ధతి పుట్టిన యూరప్‌లోనే డాలు గుర్తు ఇంటిపేరుది కాదు, మనిషిది. 12వ శతాబ్దంలో ముఖం కనపడకుండా ఇనుప టోపీ పెట్టుకున్న యోధుణ్ణి గుర్తుపట్టడానికి మొదలైంది. ఇంగ్లండ్‌లో ఈ లెక్కలన్నీ చూసుకోవడానికి 1484 నుంచి ఒక సంస్థ కూడా ఉంది. ఒకరికి ఇచ్చిన గుర్తు ఆయన సంతానానికి పోతుంది తప్ప, అదే ఇంటిపేరున్న పక్క ఊరివాడికి రాదు.

మరి మన వైపు ఇలా సొంతంగా ఒక గుర్తు పెట్టుకున్నవాళ్ళు ఉన్నారా అని వెతికితే నాకు దొరికినాయన అచ్యుతదేవరాయలు. టెక్స్ట్‌బుక్‌లో అర లైను ఉంటాడు, శ్రీకృష్ణదేవరాయల తర్వాత వచ్చిన తమ్ముడు అని. అంతే.

ఇద్దరికీ తండ్రి ఒకడే, తుళువ నరసనాయకుడు. కృష్ణరాయల తల్లి నాగలాంబ, అచ్యుతుడి తల్లి ఓబమాంబ. తుళువ అనేది వాళ్ళ ఇంటిపేరు, పూర్వీకులు తుళునాడు నుంచి వచ్చారని చెప్పే పేరు. మన ఇంటిపేర్లు చాలావరకు ఇలాంటివే, ఎక్కణ్ణుంచి వచ్చామో చెప్పి ఊరుకుంటాయి. తర్వాత పెనుకొండ నుంచి ఏలిన ఆరవీటివాళ్ళదీ ఊరి పేరే. విజయనగరం రాజ్యానికి వేరే ముద్ర ఉండేది: వరాహం, పక్కన కత్తి, పైన సూర్యచంద్రులు. వంశాలు మారినా ఆ ముద్ర మారలేదు, ఎవరు రాజైతే వాళ్ళు వాడుకున్నారు.

అన్న రాజ్యం చేసినన్నాళ్ళూ అచ్యుతుడు చంద్రగిరి కోటలో ఉన్నాడు. కోటలో ఉన్నాడు అంటే రాజభోగం అనుకోకండి, సింహాసనం వైపు చూడకుండా దూరంగా పెట్టారన్నమాట. 1529లో అన్న పోయాడు. అల్లుడు రామరాయలు (మనవాళ్ళు అళియ రామరాయలంటారు) కృష్ణరాయల పసిబిడ్డను కూర్చోబెట్టి వెనక తాను నడపాలనుకున్నాడు. అచ్యుతుడి బావమరుదులు సలకరాజు సోదరులు రాజధానిని పట్టుకుని, ఆయన వచ్చేదాకా కాపలా కాశారు. ఆయన తిరుమలలో ఒకసారి, కాళహస్తిలో ఒకసారి పట్టాభిషేకం చేయించుకుని, అప్పుడు విజయనగరం చేరి మూడోసారి చేయించుకున్నాడు. అన్ని కిరీటాలు ఎందుకంటే, నేనే రాజుని అని అంతమందికి చెప్పాల్సి వచ్చింది.

ఆ పరిస్థితిలో ఉన్న మనిషి నాణేల మీద ఏం వేయించాడో చూడండి. కృష్ణరాయల నాణెం మీద వెన్నముద్ద పట్టుకున్న బాలకృష్ణుడు ఉంటాడు. గెలిచి గెలిచి ఉన్నవాడికి పసివాణ్ణి వేసుకోవడానికి భయమేముంది. అచ్యుతుడు గండభేరుండాన్ని వేయించాడు. రెండు తలల పక్షి, రెండు ముక్కులతో రెండు ఏనుగులు, కాళ్ళతో ఇంకో రెండు. వరాహ బంగారు నాణెం సుమారు 3.4 గ్రాములు, అర వరాహ అందులో సగం. మన షర్టు గుండీ అంత జాగాలో నాలుగు ఏనుగుల్ని ఎత్తుకెళ్ళే పక్షి! వెనక నాగరి లిపిలో మూడు వరుసల్లో బిరుదుతో ఆయన పేరు. తుళువ అన్న మాట లేదు.

పక్షి ఆయన కనిపెట్టింది కాదు. కర్ణాటకలోని బళ్ళిగావిలో 1047 నాటి స్తంభం మీద మనిషి ఒంటికి రెండు పక్షి తలలతో అది నిలబడి ఉంది. శరభంతో పోరాడడానికి నరసింహస్వామి ఎత్తిన రూపమని వైష్ణవులు చెప్పే కథ కూడా ఉంది. ఏనుగుల్ని చూస్తే మాత్రం నాకు ఒడిశా గజపతులు గుర్తొస్తారు. అన్న ఓడించినవాళ్ళు, తమ్ముడు పట్టానికి రాగానే మళ్ళీ దండెత్తినవాళ్ళు. ఇది నా ఊహ, పరీక్షలో రాయకండి.

ఆ దాడిని ఆయన సైన్యం తిప్పికొట్టింది. బిజాపూర్ వాళ్ళు లాక్కున్న రాయచూరును తర్వాత తిరిగి తెచ్చుకున్నాడు. దక్షిణాన తిరుగుబాటు చేసిన సాళువ వీరనరసింహుడి మీదికి సైన్యం తామ్రపర్ణి దాకా వెళ్ళింది. ఆ యుద్ధం నడిపింది బావమరిది, రాయలు శ్రీరంగంలో ఆగాడు. ఆ రోజుల్లో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి న్యూనిజ్ ఆయన్ని పిరికివాడిగా, చెడ్డవాడిగా రాసిపెట్టాడు. అన్న గురించి రాసిన పేయస్ మెచ్చుకుంటూ రాశాడు. వందేళ్ళకు పైగా మనం ఆ రెండు రివ్యూలు చదివే మార్కులు వేస్తున్నాం.

హిందూపురం దగ్గర లేపాక్షి వీరభద్రాలయం అచ్యుతరాయల కాలంలోనే వచ్చింది. కట్టించింది పెనుకొండలో రాయల అధికారులైన విరుపణ్ణ, వీరణ్ణ అన్నదమ్ములు. చెప్పకుండా ఖజానా సొమ్ము ఖర్చు పెట్టాడని రాజు కళ్ళు పీకించమన్నాడనీ, విరుపణ్ణ తానే పీకి గోడకు కొట్టాడనీ మా వైపు అందరూ చెబుతారు. గోడ మీద ఎర్ర మచ్చలు చూపిస్తారు కూడా. చిన్నప్పటి నుంచీ విన్న కథే అయినా నాకు నమ్మబుద్ధి కాదు. అదే గుడి రాళ్ళ మీద కన్నడ శాసనాల్లో అచ్యుతరాయల పేరు, దేవుడికిచ్చిన దానాలు చెక్కి ఉన్నాయి. గుడిని చూసి కళ్ళు పీకించేంత కోపం వచ్చిన రాజు పేరును అదే గుడిలో అలా చెక్కుతారా? కాని కథ గెలిచింది, శాసనం ఓడింది. శాసనం చదవడం రావాలి, కథకు అది అక్కర్లేదు.

చివరి రోజులు బాగాలేవు. రామరాయలు ఒక దశలో ఆయన్ని బంధించాడు. బయటపడ్డాక కూడా పెత్తనం బావమరిదిది, కుట్ర రామరాయలది. 1542లో అచ్యుతుడు పోయాడు. కొడుకు వెంకటరాయలు నెలల్లోనే మేనమామ సలకరాజు తిరుమలుడి చేతిలో చచ్చిపోయాడు. తండ్రి కిరీటం కోసం రాజధానిని కాపాడిన ఇంటివాడే. వారసుడు లేడు. యూరప్ లెక్క ప్రకారమైతే గుర్తు అక్కడితో ఆగిపోవాలి. తిరుమల గుడిలో కృష్ణరాయల విగ్రహాలున్న మండపంలోనే భార్య వరదాంబికతో అచ్యుతుడి రాతి విగ్రహం ఉంది. ఈసారి వెళ్ళినప్పుడు క్యూలో తోసుకోకుండా ఒక్కసారి అటు చూడండి.

పక్షి మాత్రం ఆగలేదు. కెళది నాయకులు తీసుకున్నారు, మైసూరు ఒడెయర్లు తీసుకున్నారు. 1877 ఢిల్లీ దర్బారులో బ్రిటిష్‌వాళ్ళు సంస్థానాధీశులకు తమ పద్ధతిలో డాలు బొమ్మలు కుట్టిన పతాకాలు పంచారు. రాబర్ట్ టేలర్ అనే ఉద్యోగి వాటిని గీశాడు. మన రాజులు డాళ్ళలోకి, పక్కన నిలబడే జంతువుల్లోకి వచ్చింది అలాగే. ఇప్పుడు అది కర్ణాటక ప్రభుత్వ చిహ్నం. మాది అగళి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు మా మడకశిర తాలూకాకు దాదాపు చుట్టూ మైసూరే. ఇప్పటికీ శిరా వైపు కొంచెం దూరం పోతే రాష్ట్రం మారుతుంది, మా ఇంట్లో లాగే అక్కడా కన్నడం వినపడుతుంది, ఆఫీసు బోర్డుల మీద ఎర్ర డాలులో తెల్లటి గండభేరుండం కనపడుతుంది. దాని ముక్కుల్లో ఇప్పుడు ఏనుగులు లేవు. డాలుకు అటొకటి ఇటొకటి, ఏనుగు తలలున్న సింహాలు కాపలాగా నిలబడి ఉన్నాయి.