కలకత్తా తారలు, హైదరాబాద్ గురువు: ఆసియా స్వర్ణాల వెనుక రహీం సాబ్

2020 మార్చిలో పీకే బెనర్జీ, ఏప్రిల్‌లో చునీ గోస్వామి, 2023 ఫిబ్రవరిలో తులసీదాస్ బలరాం. భారత ఫుట్‌బాల్ త్రిమూర్తులుగా పేరుపడ్డ ఈ ముగ్గురూ కన్నుమూసింది కోల్‌కతాలోనే. వాళ్ల ఆటను ఆ నగరం ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటుంది. అయితే 1962లో ఆ ముగ్గురి మెడలో ఆసియా స్వర్ణం పడిందంటే, అందుకు కారణం హైదరాబాద్‌కు చెందిన ఒక బడిపంతులు. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం.

1909 ఆగస్టు 17న పుట్టిన రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఫుట్‌బాల్ ఆడారు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్‌ను ఎవరికీ వదల్లేదు.

ఆయన మైదానంలోనూ పంతులే. బంతిని సొంత కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ మురిసిపోయే అలవాటు మాన్పించడానికి, డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో పోటీలు పెట్టేవారు. కుడికాలి ఆటగాళ్ల చేత ఎడమకాలితోనే ఆడించేవారు. కుర్రాళ్లను వెతికి పట్టుకోవడంలోనూ దిట్ట. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాంకు ప్రాక్టీసుకు వచ్చే స్తోమత లేకపోతే, సైకిల్ అద్దెకు డబ్బులిచ్చి మరీ రప్పించుకున్నారు.

1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. ఫుట్‌బాల్‌లో పోటీపడింది ఆరు దేశాలే. ఇండోనేషియా, అఫ్గానిస్థాన్‌లను 3-0 తేడాతో ఓడించిన భారత్, ఫైనల్లో ఇరాన్‌పై 1-0తో గెలిచింది. కెప్టెన్ శైలేన్ మన్నా మోహన్ బగాన్ ఆటగాడు. గోల్ కొట్టిన సాహూ మేవాలాల్ కూడా కలకత్తా మైదానాల్లో పేరు తెచ్చుకున్నవాడే. కోచ్ రహీం.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లలో ఎక్కువమంది ఉత్త కాళ్లతో ఆడారు. అక్కడ స్వర్ణం గెలిచిన హంగరీ ఆటతీరు రహీం ఆలోచనను మార్చింది. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపి, ప్రత్యర్థి రక్షణ వరసను చెదరగొట్టే పద్ధతిని మన ఆటగాళ్లకు నేర్పారు. 1956 మెల్‌బోర్న్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన భారత్, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీస్ చేరిన తొలి ఆసియా దేశమైంది. నాలుగో స్థానంలో నిలిచింది.

ఆసియా క్రీడల్లో మాత్రం 1954 మనీలా, 1958 టోక్యో స్వర్ణాలు రెండూ తైవాన్‌కే దక్కాయి. ఆ జట్టు నిండా హాంకాంగ్ ఆటగాళ్లే.

అప్పటికి కలకత్తాలో కొత్త తరం ఎదిగింది. చునీది మోహన్ బగాన్, బలరాంది ఈస్ట్ బెంగాల్, పీకేది ఈస్టర్న్ రైల్వే. లీగ్ మ్యాచ్‌లో ఒకరినొకరు ఓడించడానికి చెమటోడ్చే ఈ ముగ్గురినీ రహీం ఒకే దాడి వరసలో నిలబెట్టారు. ప్రతిభకు కలకత్తాలో కొదవ లేదు. దాన్ని ఒక్క జట్టుగా కూర్చడమే ఆయన పని.

1962 జకార్తా నాటికి రహీం ఒంట్లో క్యాన్సర్ ముదురుతోంది. తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. తర్వాత థాయ్‌లాండ్‌పై గెలిచినా, డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతణ్ని పక్కన కూర్చోబెట్టలేదు, సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఆడింది ఆ స్థానంలోనేనని ఆయనకు తెలుసు. సెమీస్‌లో దక్షిణ వియత్నాంపై జర్నైల్ గోల్ కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనల్. మళ్లీ కొరియాతోనే. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఇండోనేషియా రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టడంతో స్థానికులు మనపై మండిపడుతున్నారు. స్టేడియంలో దాదాపు లక్ష మంది, అడుగడుగునా ఎగతాళి. రహీం మరో సాహసం చేశారు. కొరియన్ల ఎత్తయిన బంతులను అందుకోవడానికి, జ్వరం నుంచి అప్పుడే కోలుకున్న పొడగరి తంగరాజ్‌ను గోల్‌లో నిలబెట్టారు. తొలి ఇరవై నిమిషాల్లోనే పీకే, జర్నైల్ చెరో గోల్ కొట్టారు. భారత్ 2-1తో గెలిచింది.

పది నెలలు తిరక్కుండానే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. వయసు 53.

తర్వాత 1970 బ్యాంకాక్‌లో మరో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ సారథ్యంలో కాంస్యం వచ్చింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు అదే చివరి పతకం. శిష్యుడు పీకే కోల్‌కతాలో పేరున్న కోచ్ అయ్యారు కాబట్టి గురువు విద్య ఆ క్లబ్బుల వరకైనా చేరింది. కానీ బడిలో ఒక పంతులు పోతే పాఠ్యపుస్తకం మిగులుతుంది, ఇంకో పంతులు వచ్చి అందుకుంటాడు. భారత ఫుట్‌బాల్ అలాంటి పుస్తకం ఏదీ రాసుకోలేదు. 2024లో అజయ్ దేవగణ్ సినిమా 'మైదాన్' వచ్చేదాకా ఈ తరానికి రహీం పేరు పెద్దగా తెలియదు. ఆయన పాఠాలు చెప్పిన ఊళ్లోనూ అంతే.